383 కిలోల డింగీ, డెక్ మీద 8 టన్నుల లాగుడు

ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో, ప్యూజెట్ సౌండ్ నుంచి అలాస్కాలోని స్కాగ్‌వే దాకా దీవుల చాటున దాదాపు 1600 కిలోమీటర్ల నీటిదారి ఉంది. దాన్ని ఇన్‌సైడ్ పాసేజ్ అంటారు. వేసవి రాగానే సొంత మోటారు యాట్లున్న కుటుంబాలు ఈ దారి పడతాయి. సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లు బాలార్డ్ లాక్స్ దగ్గరికి వెళ్తే ఈ యాట్లు కనిపిస్తాయి. ఉత్తరానికి పోయేకొద్దీ జెట్టీలు తగ్గిపోతాయి. ఆటుపోట్ల తేడా కొన్నిచోట్ల 5 మీటర్లు దాటుతుంది. రాత్రికి ఏదో ఒక వంపులో లంగరు వేసుకోవాలి. ఒడ్డుకు వెళ్లాలన్నా, సరుకులు తెచ్చుకోవాలన్నా డింగీ అనే చిన్న పడవే గతి. అక్కడ డింగీ పాడైతే ప్రయాణం ఆగిపోయినట్టే.

ఆ డింగీని యాట్ మీద ఎక్కడ పెట్టుకోవాలి, రోజూ నీళ్లలోకి ఎలా దించాలి? కొందరు వెనక ప్లాట్‌ఫారం మీద కడతారు. కొందరు పై కప్పు మీదకు ఎక్కిస్తారు. ముందు డెక్ విశాలంగా ఉన్నవాళ్లు అక్కడే పెట్టి, పక్కన ఒక చిన్న క్రేన్ బిగించుకోవాలనుకుంటారు. కొత్త యాట్ అయితే ఈ ఏర్పాటు డిజైన్‌లోనే ఉంటుంది. చిక్కంతా పాత యాట్‌కు కొత్తగా క్రేన్ తగిలించేటప్పుడే వస్తుంది. క్రేన్ కేటలాగులో 450 కిలోలు ఎత్తుతుందని ఉంటుంది. డింగీ బ్రోషర్‌లో బరువు 190 కిలోలని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ధైర్యంగా ఆర్డర్ ఇచ్చేస్తారు. ఎత్తిన బరువును డెక్ మోయగలదా, బోటు తట్టుకోగలదా అన్నది మాత్రం ఏ కేటలాగులోనూ ఉండదు. ఆ లెక్క యజమాని దగ్గరుండి చేయించుకోవాలి. ఎలా చేస్తారో తెలిస్తే, చేసేవాళ్లను సరైన ప్రశ్నలు అడగవచ్చు.

లెక్క కోసం ఒక యాట్ అనుకుందాం. పొడవు 15 మీటర్లు, వెడల్పు 4.6 మీటర్లు, బరువు 20 టన్నులు, ఫైబర్‌గ్లాస్ కట్టుబడి. ఈ దారిలో తిరిగే మధ్యతరహా యాట్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

ముందు డింగీని తూకం వేయాలి

బ్రోషర్‌లోని 190 కిలోలు ఖాళీ పడవ బరువు. 3.8 మీటర్ల పొడవు, ఫైబర్‌గ్లాస్ అడుగు, చుట్టూ గాలి నింపిన ట్యూబులు, మధ్యలో స్టీరింగ్ ఉన్న డింగీ అనుకోండి. దానికి 40 హార్స్‌పవర్ మోటారు బిగిస్తే మరో 100 కిలోలు. 45 లీటర్ల పెట్రోలు 33 కిలోలు. బ్యాటరీ 20. చిన్న లంగరు, గొలుసు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, తెడ్లు కలిపి 30. ఎత్తడానికి వాడే స్లింగు, కొక్కెం 10. మొత్తం 383 కిలోలు. బ్రోషర్ చెప్పినదానికి రెట్టింపు.

ఇంకో బరువు ఎవరి లెక్కలోకీ రాదు. రాత్రంతా వాన కురిసి డింగీలో 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిచాయనుకుందాం. లోపలి జాగా 3 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు అయితే ఆ నీళ్లే 270 కిలోలు. తెల్లారి ఎవరూ చూసుకోకుండా మీట నొక్కితే క్రేన్ మీద పడేది 653 కిలోలు. 450 కిలోల క్రేన్‌కు అది దాదాపు సగం ఎక్కువ. అలాస్కా ఆగ్నేయ తీరం ఉత్తర అమెరికాలో అతి ఎక్కువ వానలు పడే చోట్లలో ఒకటి కాబట్టి ఇది ఊహించుకున్న ప్రమాదం కాదు. డెక్ మీదకు ఎక్కించిన డింగీకి అడుగు బిరడా తీసే ఉంచాలి. నీళ్లలో ఉన్న డింగీని తోడి ఖాళీ చేశాకే కొక్కెం తగిలించాలి.

చెయ్యి పొడుగు

క్రేన్ డెక్ మధ్యలో ఉంటుంది. డింగీని బోటు పక్కకు తీసుకెళ్లి దించాలి. ముందు డెక్ సన్నబడుతుంది కాబట్టి అక్కడ మధ్య నుంచి అంచుకు 1.9 మీటర్లే ఉందనుకుందాం. డింగీ వెడల్పులో సగం 0.95 మీటర్లు. బోటుకు తగలకుండా సందు 0.35. అంటే క్రేన్ చెయ్యి, వాళ్ల భాషలో బూమ్, 3.2 మీటర్లు చాచాలి. కేటలాగులో 450 కిలోలని రాసినప్పుడు అది ఎంత చాచితే అన్నది తప్పక అడగాలి. బూమ్ దగ్గరికి లాక్కున్నప్పుడు ఎత్తగలిగే బరువు పెద్ద అక్షరాల్లోనూ, పూర్తిగా చాచినప్పుడు ఎత్తగలిగేది కింద పట్టికలోనూ ఉండవచ్చు. మనకు కావలసింది ఆ పట్టికలోని అంకె.

బరువును దూరంతో గుణిస్తే వచ్చేదాన్ని బడిలో భ్రామకం అని చదువుకున్నాం. 383 కిలోలు, 3.2 మీటర్లు: 1226 కిలోగ్రామ్-మీటర్లు. బూమ్ సొంత బరువు 90 కిలోలు, దాని గరిమనాభి 1.5 మీటర్ల దూరంలో: మరో 135. మొత్తం 1361. ఇది నిశ్చలంగా వేలాడుతున్నప్పటి సంగతి. నీళ్లలోని డింగీ అలతో పాటు లేచి పడుతుంది. తాడు ఒక క్షణం వదులై, మరుక్షణం జర్క్‌తో బిగుస్తుంది. ఆ జర్క్ కోసం ఒకటిన్నర రెట్లు వేసుకుందాం. ఇంచుమించు 2 టన్ను-మీటర్లు, ఇంజినీర్ల కొలతలో 20 కిలోన్యూటన్-మీటర్లు. ఇక్కడి నుంచి లెక్కంతా ఈ అంకె మీదే నడుస్తుంది.

ఎనిమిది టన్నులు ఎక్కడివి

క్రేన్ స్తంభం అడుగున గుండ్రటి ప్లేటు ఉంటుంది. దాని చుట్టూ 30 సెంటీమీటర్ల వ్యాసం గల వలయంలో ఎనిమిది బోల్టులు. బూమ్ కుడివైపు బరువు మోస్తుంటే ప్లేటు కుడి అంచు డెక్‌లోకి నొక్కుకుంటుంది, ఎడమ అంచు పైకి లేవబోతుంది. 2 టన్ను-మీటర్ల భ్రామకాన్ని ఈ 30 సెంటీమీటర్లలోనే కాసుకోవాలి. దూరం తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది. లెక్క వేస్తే, అందరికన్నా దూరంగా ఉన్న బోల్టు మీద 33 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 3.4 టన్నుల లాగుడు. ఆ వైపు బోల్టులన్నీ కలిపి 8 టన్నులు. అవతలి అంచున అంతే బలంతో 8 టన్నుల నొక్కుడు. ఎత్తుతున్నది 383 కిలోలు, డెక్ మీద పడుతున్నది దానికి ఇరవై రెట్లకు పైన.

బోల్టులు దీన్ని తట్టుకుంటాయి. సముద్రపు పనికి వాడే ఏ4-70 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు, 16 మిల్లీమీటర్లది, సాగడం మొదలుపెట్టేది 70 కిలోన్యూటన్ల దగ్గర. మనకు పడుతున్నది అందులో సగం లోపే. బోల్టు తెగదు. తెగకుండానే డెక్‌ను చింపుకొని రావచ్చు.

ఫైబర్‌గ్లాస్ యాట్ డెక్ పైనుంచి చూస్తే గట్టి పలకలా ఉంటుంది. కోసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైనా కిందా కొన్ని మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్, మధ్యలో తేలికైన ఫోమ్ లేదా బాల్సా చెక్క. మనుషులు నడవడానికి, అలలు కొట్టడానికి ఇది చాలా మంచి కట్టుబడి. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. ఒకేచోట నొక్కితే మాత్రం తట్టుకోలేదు. ఘనమీటరుకు 80 కిలోలు తూగే పీవీసీ ఫోమ్ నలిగిపోయేది సుమారు 1.4 మెగాపాస్కల్ ఒత్తిడికి. మన 8 టన్నులు ప్లేటు అంచు కింద 150 చదరపు సెంటీమీటర్ల మీద పడితే ఒత్తిడి 5 మెగాపాస్కల్ దాటుతుంది. ఫోమ్ తట్టుకోగలిగినదానికి దాదాపు నాలుగు రెట్లు. పై పొర దాన్ని కొంత పరుస్తుంది కానీ ఆ నాలుగు రెట్లను ఒకటికి తేలేదు. పొడిగా ఉన్న బాల్సా ఫోమ్ కన్నా చాలా గట్టిది, నొక్కుడుకు నిలుస్తుంది. అయితే బోల్టు రంధ్రం అంచులోంచి నీళ్లు దిగితే లోపలే కుళ్లిపోతుంది. కొన్నేళ్లకు పైన ఏమీ కనిపించకుండానే కింద చెక్క పిండిపిండి అయిపోతుంది.

అందుకని క్రేన్ కూర్చునే చోట మధ్య పొర మొత్తం తవ్వితీసి, గట్టి ఫైబర్‌గ్లాస్ పలకతో నింపి, దాన్ని చుట్టుపక్కలకు పలచబడుతూ పోయేలా అతకాలి. కింద పెద్ద మెటల్ ప్లేటు వేయాలి. వాషర్లతో సరిపెడతామన్న మేస్త్రీకి ఆ పని అప్పగించవద్దు. ప్లేటు వేసినా డెక్ మొత్తం ఆ భ్రామకానికి వంగుతుంది కాబట్టి, కింద అడ్డగోడకో దూలానికో దాన్ని కలిపి కట్టాలి.

నాకు ఎక్కువ నమ్మకమైన దారి వేరు. స్తంభాన్ని డెక్ మీద నిలబెట్టకుండా, డెక్‌లోంచి కిందికి దింపి, అడుగున బోటు అస్థిపంజరానికి బిగించడం. పందిరి రాటను గుంత తీసి పాతడానికీ, నేల మీద మేకులు కొట్టి నిలబెట్టడానికీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది. స్తంభం డెక్ దగ్గర ఒకచోట, 1.8 మీటర్ల కింద ఇంకోచోట పట్టుకుని ఉంటే, అదే 20 కిలోన్యూటన్-మీటర్లు రెండు అడ్డు బలాలుగా మారతాయి. ఒక్కొక్కటి 11 కిలోన్యూటన్లు, అంటే 1.1 టన్నులు. ఎనిమిది టన్నులు 1.1 టన్నులకు తగ్గింది. పైగా అది డెక్‌ను పైకి చీల్చే బలం కాదు, పక్కకు తోసే బలం. డెక్ పలక పక్క బలానికి బాగా నిలుస్తుంది.

దీనికి ఒక ఖర్చుంది. ముందు డెక్ కింద సాధారణంగా పడకగది ఉంటుంది. మంచం పక్కనుంచి స్టీలు స్తంభం దిగడానికి చాలామంది ఒప్పుకోరు. లంగరు గొలుసు పెట్టే గదికీ పడకగదికీ మధ్యనున్న అడ్డగోడ వెంట స్తంభాన్ని దింపగలిగితే గది పోదు, బలమూ దక్కుతుంది. క్రేన్ ఎక్కడ పెట్టాలన్నది డెక్ మీద ఖాళీని బట్టి కాకుండా, కింద ఆ గోడ ఎక్కడుందో చూసి తేల్చుకోవాలి. పని మొదలయ్యాక ఈ సంగతి తెలిస్తే వెనక్కి పోవడం కష్టం.

బోటు ఒరిగే లెక్క

డెక్ గట్టిదైతే సగం పని అయింది. మిగతా సగం నీళ్లది. ఇక్కడే ఎక్కువమంది లెక్క ఆపేస్తారు కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

తాడుకు వేలాడుతున్న బరువు ఎక్కడ వేలాడుతున్నా, బోటు నిలకడ లెక్కలో అది బూమ్ కొసన ఉన్నట్టే. డింగీ నీటికి ఒక జానెడు పైన ఉన్నా సరే, ఆ 383 కిలోలూ నీటిమట్టానికి 5 మీటర్ల ఎత్తున, బూమ్ కొసకు అతికించినట్టే లెక్క. డింగీ డెక్ మీద నుంచి లేచిన మరుక్షణం ఆ బరువు ఒక్కసారిగా పైకి గెంతుతుంది. మర్చెంట్ నేవీలో పనిచేసినవాళ్లకు ఇది మొదటి పాఠాల్లో చెబుతారు.

మన యాట్‌లో డింగీ డెక్ మీద తనను నిలిపే చట్రంలో, అంటే ఊయలలో, కూర్చున్నప్పుడు దాని గరిమనాభి నీటి మీద 2.3 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఎత్తగానే 5 మీటర్లు. తేడా 2.7. దీన్ని 0.383 టన్నులతో గుణించి 20 టన్నులతో భాగిస్తే 5 సెంటీమీటర్లు. బోటు మొత్తం గరిమనాభి అంతే పైకి జరిగింది. బోటు తిరిగి నిటారుగా లేచే శక్తిని మెటాసెంట్రిక్ ఎత్తు అనే కొలతతో చెబుతారు. అది 1 మీటరు అనుకుంటే ఇప్పుడు 95 సెంటీమీటర్లు అయింది.

తర్వాత బూమ్ పక్కకు తిరుగుతుంది. జర్క్ లేకుండా 1.36 టన్ను-మీటర్లు ఒక పక్కకు. దాన్ని 20 టన్నులతో, 0.95తో భాగిస్తే బోటు ఒరిగే కోణం వస్తుంది: 4 డిగ్రీల పైచిలుకు. ఆ వైపు అంచు 16 సెంటీమీటర్లు దిగుతుంది. వంటింట్లో గ్లాసు జారవచ్చు, అంతకుమించి ఏమీ కాదు. ఇదే క్రేన్, ఇదే డింగీ 60 టన్నుల పెద్ద యాట్ మీద అయితే ఒరుగు 1.3 డిగ్రీలు. 10 టన్నుల చిన్న యాట్ మీద, మెటాసెంట్రిక్ ఎత్తు 80 సెంటీమీటర్లకు తగ్గిందనుకుంటే, దాదాపు 10 డిగ్రీలు. ఆ బోటు మీద ఈ క్రేన్ పెట్టకూడదు.

మెటాసెంట్రిక్ ఎత్తు 1 మీటరని మనం అనుకున్నాం. మీ బోటుకు అది ఎంతో ఎలా తెలుస్తుంది? సరైన జవాబు, నౌకా ఇంజినీరు చేసే ఇంక్లైనింగ్ పరీక్ష. తెలిసిన బరువులను డెక్ మీద అటూ ఇటూ జరిపి ఒరుగు కొలుస్తారు. దానికి ముందు ఎవరికి వారు చేసుకోగలిగే ఒక స్థూలమైన పరీక్ష ఉంది. నిశ్చలమైన నీళ్లలో, కట్టుతాళ్లు వదులు చేసి, బోటును పక్కకు ఊపి, పూర్తి ఊపుకు ఎన్ని సెకన్లు పడుతుందో చూడాలి. వెడల్పును 0.8తో గుణించి, ఆ సెకన్లతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే మెటాసెంట్రిక్ ఎత్తు మీటర్లలో వస్తుంది. 4.6 మీటర్ల వెడల్పున్న మన యాట్ ఒక ఊపు 3.7 సెకన్లలో ముగిస్తే అది 1 మీటరు. అదే ఊపు 5 సెకన్లు తీసుకుంటే 54 సెంటీమీటర్లే. అప్పుడు మన క్రేన్ ఆ బోటును దాదాపు 8 డిగ్రీలు ఒరిగిస్తుంది. నెమ్మదిగా, హాయిగా ఊగే బోటు మీద నిద్ర బాగా పడుతుంది కానీ క్రేన్ విషయంలో అది హెచ్చరిక.

పక్కన ఒక ఫెర్రీ పోయి, దాని అల తగిలి యాట్ 5 డిగ్రీలు ఊగిందనుకోండి. డింగీ గాల్లో ఉంది. బూమ్ దానంతటదే కిందివైపుకు తిరగబోతుంది. దాన్ని కొసన పట్టి ఆపడానికి 37 కిలోల బలం కావాలి, అదీ మరుక్షణం రెండో వైపుకు. బూమ్‌ను చేత్తో తిప్పే రకం క్రేన్‌ను ఇంత బరువుకు నేను ఒప్పుకోను. మోటారుతో తిరిగి, ఆపినచోట బిగుసుకునేదే కావాలి. డింగీకి ముందూ వెనకా రెండు తాళ్లు కట్టి ఇద్దరు పట్టుకోవాలి. దాని కింద ఎవరూ ఉండకూడదు, దానిలో అసలే కూర్చోకూడదు.

ఇంత చెప్పాక ముందు డెక్‌కు న్యాయంగా దక్కాల్సిన ఒక మాట కూడా చెప్పాలి. ఇదే డింగీని పై కప్పు మీద పెడితే దాని గరిమనాభి 4.8 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి ముందు డెక్‌కు దించితే ప్రయాణంలో ఉన్నంతసేపూ బోటు గరిమనాభి 5 సెంటీమీటర్లు కిందే ఉంటుంది. ఎత్తేది రోజుకు కొన్ని నిమిషాలు, ప్రయాణం గంటల తరబడి. నిలకడ కోణంలో చూస్తే కప్పు కన్నా ముందు డెక్ మెరుగు.

అణియం బరువెక్కితే

మన జాలరులు అణియం అనే ముందు భాగం మీద ఇప్పుడు కొత్త బరువు చేరింది. క్రేన్ 180 కిలోలు, బలపరచడానికి వాడిన సామాను 60, డింగీ 383. మొత్తం 623 కిలోలు, బోటు తూగే బిందువుకు 4.5 మీటర్ల ముందు. ఈ పరిమాణం బోటుకు లెక్క వేస్తే ముందు భాగం 4 నుంచి 5 సెంటీమీటర్లు దిగుతుంది, వెనక సుమారు 2 సెంటీమీటర్లు లేస్తుంది. ప్రశాంతమైన నీళ్లలో ఇది పెద్దగా తెలియదు. వెనక నుంచి అలలు తరుముతున్నప్పుడు తెలుస్తుంది. ముందు భాగం బరువుగా ఉన్న బోటు ముక్కు అలలో గుచ్చుకుని పక్కకు తిరగబోతుంది, చుక్కాని మాట వినదు. బ్యాటరీలనో విడిభాగాలనో వెనక్కి జరిపి కొంత సరిచేయవచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది చూపు. స్టీరింగ్ దగ్గర నిలబడ్డ మనిషి కళ్లు నీటి మీద 3.6 మీటర్ల ఎత్తున, డింగీ ఆయనకు 5 మీటర్ల ముందు ఉన్నాయనుకుందాం. డెక్ ఎత్తు 1.7, ఊయల 0.3, స్టీరింగ్‌తో సహా డింగీ 1.1 మీటర్లు కలిపితే దాని పైభాగం 3.1 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆ అంచు మీదుగా చూస్తే మొదట కనిపించే నీళ్లు 36 మీటర్ల దూరంలో ఉంటాయి. అందులో 10 మీటర్లు బోటు ముక్కు దాకానే పోతే, ముక్కుకు ముందు 26 మీటర్లు కనబడవు. 8 నాట్ల వేగంలో ఆ దూరం 6 సెకన్లు. డింగీ ఇంకో 20 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే నీళ్లు కనిపించడం మొదలయ్యే దూరం 36 నుంచి 60 మీటర్లకు దూకుతుంది. ఇన్‌సైడ్ పాసేజ్‌లో అడవుల నుంచి కొట్టుకొచ్చిన దుంగలు నీటికి సరిగ్గా మట్టంగా తేలుతుంటాయి. కయాక్‌లు నడిపేవాళ్లు ఉంటారు. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాల్లో 5వ నియమం ప్రతి బోటూ ఎల్లవేళలా కంటితో, చెవితో సరైన కాపలా ఉంచాలంటుంది. క్రేన్ కొనకముందే అంత ఎత్తున్న అట్టపెట్టెలు డెక్ మీద పేర్చి, స్టీరింగ్ దగ్గర నిలబడి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ముందు గది పైకప్పులో ఉండే తలుపు గాలి కోసమే కాదు. మంటలు రేగితే ఆ గదిలో పడుకున్నవాళ్లు బయటపడే దారి అదే. డింగీ గానీ దాని ఊయల గానీ ఆ తలుపును కొంచెం కూడా అడ్డగించకూడదు. ఈ ఒక్క కారణంతో క్రేన్ ఆలోచన మానుకోవాల్సి వచ్చినా మానుకోవాలి.

కరెంటు, తాడు

కరెంటు సంగతి చాలామంది భయపడేంత లేదు. 383 కిలోలను నిమిషానికి 6 మీటర్ల వేగంతో ఎత్తడానికి కావలసింది 376 వాట్లు. పంపు, మోటారు, గేర్లలో పోయేది పోగా నూటికి 40 పాళ్లే పనికొస్తుందనుకున్నా 940 వాట్లు. 5 మీటర్లు ఎత్తడానికి 50 సెకన్లు. బ్యాటరీ నుంచి ఖర్చయ్యేది 13 వాట్-అవర్లు, లెక్కలోకి రాదు. చూసుకోవలసింది వైరు. వెనకనున్న బ్యాటరీల నుంచి అణియం దాకా 12 మీటర్లు, రానూపోనూ 24. 12 వోల్టుల మీద 78 ఆంపియర్లు పారితే 35 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో కూడా దాదాపు 1 వోల్టు, అంటే వందకు 8, దారిలోనే పోతుంది. 24 వోల్టులైతే నష్టం వందకు 2. బోటులో 24 వోల్టులు ఉంటే దాన్నే వాడండి.

తాడు విషయంలో మాత్రం భయం ఉండాలి. ఇక్కడ ఒక నిజమైన సంఘటన గుర్తుచేసుకోవాలి. 2013 ఫిబ్రవరి 10న కానరీ దీవుల్లోని లా పాల్మా రేవులో థామ్సన్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ సిబ్బంది లైఫ్‌బోటు దించే అభ్యాసం చేశారు. తిరిగి పైకి లాగుతుండగా ఒక స్టీలు తాడు తెగింది. లోపల ఎనిమిది మంది ఉన్నారు. ఐదుగురు చనిపోయారు. తెగినచోట తాడు తుప్పుపట్టి ఉందని దర్యాప్తులో తేలింది. అది నియమాలకు, తనిఖీలకు లోబడి నడిచే పెద్ద ఓడ. సొంత యాట్‌కు ఆ తనిఖీలు కూడా ఉండవు. 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తాడు తెగే బరువు సుమారు 2 టన్నులు, మన డింగీకి ఐదు రెట్లు. ఆ ఐదు రెట్లు కొత్త తాడుకే. కప్పీ మీద వంగి ఉండే చోట ఉప్పునీరు చేరి తీగలను లోపలి నుంచి తినేస్తుంది. పెద్ద ఓడల లైఫ్‌బోటు తాళ్లను ఎంత బాగున్నా ఐదేళ్లకొకసారి మార్చితీరాలని సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం నియమం. యాట్ యజమాని కూడా అంతకంటే ఎక్కువ కాలం లాగకూడదు.

స్లింగు కోణం గురించి ఒక్క మాట. రెండు తాళ్లు నిలువుకు దగ్గరగా, అడ్డం నుంచి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కొక్కటీ 221 కిలోలు మోస్తుంది. పైన ఎత్తు చాలక 30 డిగ్రీలకు పరుచుకుంటే ఒక్కొక్కటీ మొత్తం 383 కిలోలూ మోస్తుంది. డింగీ లోపలి కొక్కీలు ఊడిపోయేది ఇలాంటప్పుడే.

ఎవరిని అడగాలి, ఏది ఒప్పుకోవాలి

ఐరోపాలో 2.5 నుంచి 24 మీటర్ల పొడవున్న విహార బోట్లకు 2013/53 నంబరు ఆదేశం వర్తిస్తుంది. భద్రతా ప్రమాణాలకు అందకుండా పోయేంత మార్పు చేస్తే దాన్ని పెద్ద మార్పుగా పరిగణించి, బోటును మళ్లీ మదింపు చేయించాలంటుంది. చిన్న యాట్ అణియం మీద అరటన్ను పైన చేర్చడం ఆ గీతకు దగ్గరగా వస్తుంది. అమెరికాలో సొంత బోట్లకు ఇంత కట్టుదిట్టం లేదు, అందుకే అక్కడ యజమాని బాధ్యత ఎక్కువ. ఎక్కడైనా బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మన గోదావరి, కృష్ణల్లో తిరిగే మోటారు లాంచీలకు కూడా నిర్మాణంలో మార్పులకు ముందస్తు అనుమతి కావాలని 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం చెబుతోంది. పైకప్పు మీద ట్యాంకో జనరేటరో పెట్టించే లాంచీ యజమానులకు కూడా పైనున్న గరిమనాభి లెక్క అచ్చంగా వర్తిస్తుంది.

మన 15 మీటర్ల యాట్‌కు నా తీర్పు ఇది. 383 కిలోల డింగీకి క్రేన్ పెట్టించవచ్చు, స్తంభం కింది గోడ దాకా దిగితేనే, ముందు తలుపు తెరుచుకుంటేనే, చూపు పరీక్షలో నెగ్గితేనే. అంతకన్నా ముందు డింగీ బరువు తగ్గించడం గురించి ఆలోచించాలి. 3.1 మీటర్ల అల్యూమినియం అడుగు డింగీ 50 కిలోలు, 9.9 హార్స్‌పవర్ మోటారు 40, పెట్రోలు 11, తక్కినవి 15. మొత్తం 116 కిలోలు. దానికి తేలికపాటి క్రేన్ చాలు. ఎనిమిది టన్నుల లాగుడు రెండున్నర దగ్గరికి వస్తుంది. ఒరుగు 4 డిగ్రీల నుంచి 1.3కు దిగుతుంది. అణియం రెండు సెంటీమీటర్ల లోపే మునుగుతుంది. స్టీరింగ్ లేని పొట్టి డింగీ చూపుకు అడ్డు రాదు. వేగం తగ్గుతుంది, తడవడం పెరుగుతుంది. లంగరు నుంచి ఒడ్డు దాకా అర కిలోమీటరు పోవడానికి మాత్రం 40 హార్స్‌పవర్ అవసరం లేదు. 10 టన్నుల బోటు ఉన్నవాళ్లకు మిగిలిన దారి ఇదొక్కటే.

పని పూర్తయ్యాక బరువు పరీక్ష చేయించకుండా చివరి చెల్లింపు చేయకండి. రేవు పనుల్లో 20 టన్నుల లోపు క్రేన్లకు వాటి సామర్థ్యం మీద పావు వంతు అదనంగా ఎత్తి చూపడం పద్ధతి. ఆ పనులకు వర్తించే అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 1979 నాటి 152వ ఒప్పందం ఏటా నిశితంగా తనిఖీ, ఐదేళ్లకొకసారి మళ్లీ పరీక్ష కోరుతుంది. సొంత యాట్‌కు ఆ నియమం వర్తించకపోయినా కొలమానం మంచిదే. 450 కిలోల క్రేన్ అయితే నీళ్ల సంచుల్లో 562 కిలోలు నింపి, బూమ్ పూర్తిగా చాచి, రెండు వైపులా తిప్పించండి. ఆ సమయంలో మీరు కింద గదిలో ఉండి, స్తంభం చుట్టూ డెక్ కదులుతోందా, అతుకుల్లో పగుళ్ల చప్పుడు వస్తోందా గమనించండి. శ్రీకాకుళం, విశాఖ నుంచి వెళ్లి ఓడల మీద పనిచేసినవాళ్లకు ఎస్.డబ్ల్యు.ఎల్. అన్న మూడక్షరాలు బాగా తెలుసు. సురక్షితంగా ఎత్తగల బరువు అని అర్థం. పరీక్ష నెగ్గిన అంకెను, ఎంత చాచినప్పుడో ఆ దూరంతో సహా, పరీక్ష తేదీతో సహా, బూమ్ మీద అందరికీ కనిపించేలా రాయించండి. బోటు అమ్మినా అరువిచ్చినా, తర్వాత మీట నొక్కేవాళ్లకు అది తెలియాలి.